పద్నాలుగో మెట్టు

ఆ పొద్దున ఆకాశం సత్తుగిన్నె రంగులో ఉంది. మార్చి రెండోవారం వచ్చినా సముద్రం వైపు నుంచి మంచు ఆగలేదు. మొక్కజొన్న చేల మీద మోకాలెత్తున కూర్చుని ఉంది. పొద్దు పొడిచిందని పిట్టల అరుపుల్ని బట్టి అనుకోవటమే.

రేపల్లెలో పొద్దుటి బండి అందుకోవాలని ఆటో పిలిచాను. నా భార్య పున్నమ్మ ఇంట్లోంచి ఆటో దాకా నడిచి వచ్చింది. ఎక్కబోతూ కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు లేదు. అది వాకిలి మధ్యలో బోర్లా పడి ఉంది. ఎప్పుడు జారిందో ఆమెకు తెలియలేదు.

"చూడు, చెప్పు కూడా నాతో రానంటోంది," అని నవ్వింది.

నేను వెళ్ళి చెప్పు తెచ్చి ఆమె కాలి ముందు పెట్టాను. అప్పటికి ఆమెకు యాభైమూడేళ్ళు. చలికాలం మొదట్లో కాలు బరువుగా ఉందంది. వాతమని ఒకరు, నడుమని ఒకరు అన్నారు. తిరిగి తిరిగి తెనాలిలో నరాల డాక్టరు దగ్గరకు చేరాం. పరీక్షల్లో ఏం తేలిందో ఆ వేళ చెబుతానన్నాడు.

మా అమ్మాయి అపర్ణ బాపట్ల నుంచి వచ్చి తెనాలి స్టేషన్లో మా కోసం నిలబడి ఉంది. అక్కడ వ్యవసాయ కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు పై అంతస్తులో ఉంటాడు. మెట్లు కనబడితే కొలవకుండా ఉండలేను, నా పని అది. ఒక్కోటీ ఏడున్నర అంగుళాలు. ఆఖరిది మాత్రం తొమ్మిది. కట్టినవాడు లెక్క తప్పి, మిగిలిన ఎత్తంతా చివరి మెట్టు మీద వేశాడు. పున్నమ్మ చేతికడ్డీ పట్టుకుని అన్నీ ఎక్కి ఆ తొమ్మిది దగ్గర ఆగింది. ఊపిరి తీసుకుని అదీ ఎక్కింది.

డాక్టరు చిన్నవాడు. మర్యాదగా చెప్పాడు. "మీ మెదడు చెప్పే మాట కండరానికి చేరటం లేదమ్మా. తగ్గించే మందు లేదు. జబ్బు నెమ్మదిగా వెళ్ళేట్టు చూడటమే." ఇంగ్లీషు పేరేదో చెబితే అపర్ణ ఫోన్లో రాసుకుంది.

"నెమ్మదిగానే వెళ్తుందంటారా సార్?" అంది అపర్ణ.

ఆయన నా వైపు చూసి కాగితాల వైపు చూశాడు. "ఈవిడకి కొంచెం తొందరగానే నడుస్తోందమ్మా. చేతుల్లో కూడా మొదలైంది."

పున్నమ్మ ఒకటే అడిగింది. "నొప్పి ఉంటుందా బాబూ?"

"నొప్పి అంతగా ఉండదమ్మా."

"అయితే సరే," అని సంచి సర్దుకుంది.

తిరుగుబండిలో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. మంచు విడిపోయి ఎండ కాస్తోంది. చాలాసేపు బయటికే చూసింది. ఊరు దగ్గరపడుతుండగా అడిగింది. "ఏమయ్యా, ఈ ఎండాకాలం నేను డాబా మీద పడుకుంటానా?"

"నిచ్చెన ఎక్కలేవుగా."

"నిచ్చెన ఎక్కుతానన్నానా? నగరం నుంచి తెనాలి దాకా అందరిళ్ళకీ మెట్లు చేశావు. మనింటికి చేసేవాడు ఎవడైనా ఉంటే చూడు."

నేను వడ్రంగిని. మాది నగరం అనే ఊరి పక్కన పల్లె. ఒక గది, వసారా ఉన్న డాబా ఇల్లు. పైకి వెదురు నిచ్చెన. ఏప్రిల్లో కాలువల్లో నీళ్ళు కట్టేశాక నేల బీటలు వారుతుంది, గదుల్లో గోడలు కాలుతుంటాయి. పొద్దు వాలాక సముద్రం గాలి వస్తుంది. మా వైపు ఎండాకాలమంతా డాబాల మీదే పడక. కాపరానికి వచ్చిన ఏడాది నుంచీ పున్నమ్మ పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని ఆ నిచ్చెన ఎక్కేది. నేను కింద నుంచి నీళ్ళచెంబు అందించేవాణ్ణి. పైన పడుకున్నాక ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. నేను వినేవాణ్ణి. పగలు కింద ఉన్నంతసేపూ మేమంత మాట్లాడుకున్నది లేదు.

సిమెంటు మెట్లయితే పోత గట్టిపడి కింద ఆపిన చెక్కలు ఊడదీయటానికే మూడు వారాలు పడుతుంది. కర్రతో అయితే ఆరు రోజుల పని. నా పంచలో పద్నాలుగడుగుల టేకు పలకలు రెండు, ఎవరో కట్టుబడి మానుకుంటే మిగిలిపోయినవి, ఏళ్ళ తరబడి ఆరుతున్నాయి. చేతిలో ఉన్న మిగతా పనులవాళ్ళకు ఫోన్ చేసి రానని చెప్పాను.

*

మామూలుగా మేం ముందు ఇంటి ఎత్తు కొలుస్తాం. ఏడంగుళాలతో భాగిస్తే ఎన్ని మెట్లో వస్తుంది. ఈసారి ముందు ఆమె కాలు కొలిచాను.

అంగుళం మందం చెక్కముక్కలు పన్నెండు కోసి తెచ్చాను. ఆమెను వసారా స్తంభం పట్టుకుని నిలబడమన్నాను. కాలి ముందు ముక్క మీద ముక్క పేర్చి, ఒక్కోసారి కాలు ఎత్తి దాని మీద పెట్టమన్నాను.

"ముప్పై రెండేళ్ళు కాపరం చేశాక ఇప్పుడా నా కాలు కొలవటం?"

"ఎత్తు."

"ఎత్తుతున్నాగా. మాట్లాడితే అరుగుతావా?"

ఆరు, ఏడు, ఎనిమిది తేలిగ్గానే పెట్టింది. తొమ్మిదికి పెదవి బిగించింది. పదో ముక్కకు కాలివేళ్ళు చెక్క అంచుకు తగిలి పేర్పంతా కూలింది. పక్కింటి శకుంతల పిట్టగోడ మీంచి చూస్తూ, "వదినా, మళ్ళీ చిన్నపిల్లలాటలు మొదలెట్టారే," అంది.

"మీ అన్నయ్య నాకు గజ్జెలు కట్టిస్తాడంట. ఆది తీసుకుంటున్నాడు," అంది పున్నమ్మ.

తొమ్మిది ఎత్తగలదు. ఏడంగుళాల మెట్టు ఆమెకు సుఖంగా ఉంటుంది. నేల నుంచి డాబా పైకి ఎనిమిది అడుగుల రెండంగుళాలు, అంటే తొంభై ఎనిమిది అంగుళాలు. ఏడుతో భాగిస్తే పద్నాలుగు. అంగుళంలో ఎనిమిదో వంతు, ఒక్క నూలు కూడా మిగల్లేదు. అంత సరిగ్గా కుదిరిన లెక్క నా పనిలో నాలుగైదుసార్లకు మించి చూడలేదు. పద్నాలుగు అడుగులు వేయాలి కాబట్టి మెట్టు చెక్కలు పదమూడు. పద్నాలుగో అడుగు డాబా మీదే పడుతుంది. మెట్టు వెడల్పు పదంగుళాలు. కిందికి పొడవు పది అడుగుల పదంగుళాలు వస్తుంది. వాకిట్లో సుద్దతో ఎత్తు ఒక గీత, పొడవు ఒక గీత గీసి కోణాకోణికి టేపు పట్టాను. పదమూడడుగుల ఏడంగుళాలు. మెట్లను మోసే పక్క చెక్కలకు నా పద్నాలుగడుగుల పలకలు సరిపోయి ఇంకా ఐదంగుళాలు మిగిలాయి.

తూర్పు గోడ మీద సుద్దతో ఏడంగుళాలకు ఒక అడ్డగీత చొప్పున కింద నుంచి పైదాకా గీసుకుంటూ పోయాను. మధ్యాహ్నం ఆ పక్క నీడ. పున్నమ్మ నవారు మంచం అక్కడే వేయించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కళ్ళు మూసుకుని ఉంది.

గీతలు అయ్యాక అలవాటుగా లెక్కపెట్టాను. మా పనిలో మెట్లను ఒకటి రెండు అని లెక్కపెట్టరు. ఇంద్ర, యమ, రాజ, మళ్ళీ ఇంద్ర, యమ, రాజ అనుకుంటూ పైదాకా పోతారు. ఆఖరి అడుగు ఇంద్రుడి మీదో రాజు మీదో పడాలి. యముడి మీద పడకూడదు. నేనది నమ్మినవాణ్ణి కాను. ఇంటివాళ్ళు అడుగుతారు కాబట్టి ముప్పై ఏళ్ళుగా వేలు పెట్టి లెక్కపెట్టి చూపించేవాణ్ణి. అడగనివాళ్ళ ఇళ్ళలో ఏది వస్తే అది వేసి వచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు.

పద్నాలుగో గీత యముడి మీద ఆగింది.

మళ్ళీ కింద నుంచి లెక్కపెట్టాను. అదే వచ్చింది. వెనక్కి తిరిగి మంచం వైపు చూశాను. పున్నమ్మ కదల్లేదు. కుండలో గుడ్డ తడిపి గీతలన్నీ తుడిచేశాను. పదమూడు చేస్తే ఇంద్రుడే, కానీ మెట్టు ఏడున్నర దాటుతుంది, ఆమెకు బరువు. గోడ ఆరేదాకా నిలబడి, మళ్ళీ గీశాను. ఈసారి పదిహేను. ఒక్కోటి ఆరున్నర అంగుళాలు. మిగిలిన అర అంగుళం కింద గచ్చులో కలిపేయొచ్చు. ఆఖరిది రాజు.

మెట్టు ఎత్తు తగ్గింది, ఆమెకు ఇంకా తేలికే కదా అనుకున్నాను. అలా అనుకోవటానికి అది బాగానే పనికొచ్చింది.

మరో మెట్టు చెక్క పెరిగేసరికి కింద పొడవు పెరిగింది. పక్క చెక్క పద్నాలుగడుగుల మూడంగుళాలు కావాలి. నా పలకలు మూడంగుళాలు పొట్టి.

*

పాతికేళ్ళుగా నా రంపానికి రెండో కొస పట్టుకున్నవాడు ఇస్సాకు. సాయంత్రం వచ్చి వాకిట్లో గీతలు చూశాడు, గోడ మీద గీతలు చూశాడు.

"పద్నాలుగు కుదురుతుంటే పదిహేను ఎందుకన్నా?"

నేను సుద్దముక్క జేబులో వేసుకున్నాను. వాడే వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. నా పక్కన అన్నేళ్ళుండి వాడికీ అది వచ్చు.

"ఓహో. ఆయనా?" అన్నాడు. "అన్నా, మా ఇంటికి మూడే మెట్లు. మూడోది రాజు. ముప్పై ఏళ్ళ నుంచి ఎక్కి దిగుతున్నా. ఏ రాజ్యం ఏలుతున్నా చెప్పు?"

"ఊరుకోరా."

"పోనీ మెట్టు వెడల్పు తొమ్మిది చెయ్యి. పదిహేనూ ఇందులోనే ఇముడుతయ్."

"ఆమె కాలివేళ్ళు వాలిపోతున్నయ్. పది లేకపోతే మడమ ఆనదు."

"అయితే మూడంగుళాలు అతుకేద్దాం. అడుగున ఎవరికి కనపడుతుంది?"

"పక్క చెక్కకి అతుకు నేను ఎవరింటికీ వెయ్యలేదు."

"ఎవరింటికో కాదన్నా ఇది. వదిన ఎక్కాలి, అంతే. ఎల్లుండి మొదలెడితే వచ్చే ఆదివారానికి డాబా మీద ఉంటది." గొంతు తగ్గించాడు. "ఆయన మెట్లు లెక్కపెట్టుకుని వస్తాడా?"

నేను టేపు చుట్టి సంచిలో వేసుకున్నాను. మర్నాడు తెనాలి బండెక్కాను.

సామిల్లులో మోహనకృష్ణ నన్ను చూసి కుర్చీ లాగాడు. వాళ్ళ నాన్న ఉన్నప్పటి నుంచీ నేను అక్కడే కర్ర కొంటాను.

"పదిహేనడుగుల టేకా బాబాయ్? ఇప్పుడెవరు అడుగుతున్నారు? అంతా ఏడడుగులు, ఎనిమిదడుగులు, తలుపు కొలత. పొడుగు దుంగ రావాలి. పది రోజులు ఆగు, నీ ఎదురుగానే కోయిస్తా."

కావాల్సింది రాసిచ్చాను. పక్క చెక్కలు రెండు, పదిహేనడుగులు, పదంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. మెట్టు చెక్కలు పద్నాలుగు, ఒక్కోటి మూడడుగులు, అంగుళంన్నర మందం. చేతికడ్డీలు రెండు వైపులా. తరుగుతో కలిపి పది ఘనపుటడుగులు. మెట్టు చెక్కలు ఆ రోజే తీసుకున్నాను. పది రోజులే కదా అనుకున్నాను.

ఆ పది రోజుల్లో మెట్టు చెక్కలు చిత్రిక పట్టి, ముందు అంచులు గుండ్రంగా తీసి, గరుకు కాగితంతో నునుపు చేసి పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం ముక్కలు పేర్చి పున్నమ్మ కాలు కొలిచాను. మొదటి ఆదివారం ఎనిమిది. రెండో ఆదివారం ఏడు. ఎనిమిదో ముక్కకు ఆమె చేత్తో మోకాలు లేపబోతే వద్దన్నాను.

పదకొండో రోజు ఫోన్ చేశాను. "దుంగ వచ్చింది బాబాయ్, కోస్తే లోపల పగులు తేలింది. నీకు అది ఇవ్వలేను. ఇంకొకటి చెప్పా, బయల్దేరింది," అన్నాడు మోహనకృష్ణ. అతని తప్పేం లేదు. పగిలిన కర్ర నాకు అంటగట్టలేదు.

కాలువలు కట్టేశారు. ఊరంతా డాబాల మీదికి చేరింది. పొద్దు వాలేసరికి నాలుగు వైపులా పైనుంచి మాటలు వినబడేవి. మా ఇంటి మీద ఎవరూ లేరు. పున్నమ్మ మంచం వాకిట్లో వేసేవాణ్ణి. పక్క డాబాలు రెండు వైపులా గాలిని ఆపేస్తాయి. ఆమె తల పైకెత్తి శకుంతలతో మాట్లాడేది. కొన్నాళ్ళకు ఆ మాటలు ముద్దగా రావటం మొదలైంది. శకుంతల "ఏంటొదినా?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చేది. ఆ తర్వాత ఆమే కిందికి దిగి వచ్చి మంచం పక్కన కూర్చునేది.

ఒక సాయంత్రం ఇస్సాకు తాటిముంజెలు తెచ్చాడు. మెత్తగా ఉంటాయి, మింగటానికి తేలిక. వొలిచి పళ్ళెంలో పెట్టాడు.

"వదినా, నేనూ అన్నా కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకుపోతాం. నిచ్చెనకి తాళ్ళు కట్టి లాగుతాం. రెణ్ణిమిషాల పని."

పున్నమ్మ ముంజె నోట్లో పెట్టుకుని అది దిగేదాకా ఆగింది.

"నన్ను నలుగురూ మోసే రోజు ఎట్టాగూ ఉందిగా ఇస్సాకూ. దానికి తొందరేంటి? నా కాళ్ళతో ఎక్కుతా. లేకపోతే ఇక్కడే పడుంటా."

ఇస్సాకు పళ్ళెంలో ముంజెల్ని ఇటువి అటు, అటువి ఇటు పెట్టాడు. నా వైపు చూడలేదు.

*

రెండో దుంగ వచ్చి, కోసి, లారీ మీద ఊరికి చేరేసరికి ఇరవై మూడు రోజులైంది. ఆ వేళ ఐదు ముక్కల దగ్గర కాలు ఆగింది.

నేను గోడ దగ్గరికి వెళ్ళాను. అపర్ణ సెలవు పెట్టి చెరుకుపల్లి మీదుగా బస్సులో ముందురోజే వచ్చింది. ఇక అమ్మ దగ్గరే ఉంటానంది. ఆమె చూస్తుండగానే గోడ మీద మళ్ళీ లెక్క వేశాను. ఐదంగుళాల మెట్టయితే ఇరవై కావాలి. వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఇంద్ర, యమ, రాజ. ఇరవై కూడా యముడే. ఇరవై ఒకటి చేద్దామా అనుకున్నాను. ఇరవై ఒకటి చేస్తే పక్క చెక్క పద్దెనిమిది అడుగులు దాటుతుంది. మళ్ళీ తెనాలి. మళ్ళీ దుంగ. అది వచ్చేసరికి ఆమె కాలు మూడు దగ్గర ఉంటుంది.

"నాన్నా," అంది అపర్ణ.

తిరిగి చూశాను.

"ఇంక కొలవకు. ఇందాక ముక్కలు పేర్చగానే అమ్మ స్తంభం పట్టుకోకముందే ఏడుపు ఆపుకుంది. నువ్వు కిందికి చూస్తావు కాబట్టి నీకు కనపడదు."

ఎదుటివాళ్ళ ముఖం కంటే వాళ్ళ చేతులూ కాళ్ళూ చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్నిబట్టే అంతా తెలుస్తుందనుకునేవాణ్ణి. ఆ పన్నెండు ముక్కల్నీ తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పడేశాను.

తెచ్చిన కర్ర తెచ్చినట్టే పదిహేను మెట్లకు గాడులు కొట్టాను. వేరే దారి లేదు. ఇస్సాకు వచ్చి అడగకుండానే రంపం రెండో కొస పట్టుకున్నాడు. ఐదు రోజులు ఇద్దరం పొద్దున్నే మొదలుపెట్టి చీకటిపడేదాకా చేశాం. వాడు ఒక్క పాత మాటా ఎత్తలేదు. నా పద్నాలుగడుగుల పలకలు అలాగే పంచలో గోడకు ఆనించి ఉన్నాయి. పనిలో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా వాటి పక్కనుంచే పోవాల్సి వచ్చింది.

మెట్లు బాగా కుదిరాయి. గాడిలో చెక్క దిగితే గోరు పట్టే సందు కూడా లేదు. రెండు వైపులా చేతికడ్డీ ఆమె అరచేతికి తగ్గట్టు సన్నగా తీశాను. పైన ఎండావానా పడకుండా రేకు వేశాం. మెట్ల మీద నడిస్తే చప్పుడు కాదు.

అవి ఇప్పటికీ ఉన్నాయి. ఎండాకాలం శకుంతల, ఇంకా వీధిలో ఆడవాళ్ళు వడియాలు పెట్టుకోవటానికి ఎక్కుతారు. మెత్తగా, ఒకే ఎత్తున ఉన్నాయంటారు. పున్నమ్మ ఆ ఏడు శ్రావణం దాటలేదు.

*

మెట్లు నిలబెట్టిన రోజు సాయంత్రం గాలి పెందలాడే మొదలైంది. పైన రేకు టపటపలాడింది. పున్నమ్మ తల దువ్వించుకుంది. ఉతికిన చీర కట్టించుకుంది. అపర్ణ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుంటే మెట్ల దాకా వచ్చింది. రెండు చేతులూ చేతికడ్డీల మీద వేసింది. వేళ్ళు మూసుకోలేదు, ఊరికే ఆనించి ఉంచింది. తల ఎత్తి పైదాకా చూసింది.

"బాగున్నయ్యయ్యా," అంది. మాట నెమ్మదిగా, ముద్దముద్దగా వచ్చింది. అయినా నాకు తెలిసింది.

నేను మొదటి మెట్టు ముందు సగం ఎత్తున ఒక చెక్కపీట పెట్టాను. కుడికాలు దాని మీదికి ఎక్కటానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఎడమకాలు. పీట మీద నిలబడి ఊపిరి తీసుకుంది. అపర్ణ వెనకనుంచి నడుం పట్టుకుంది. అక్కణ్ణుంచి మొదటి మెట్టు మీదికి కుడికాలు తెచ్చింది. ఎడమకాలు మడమ దగ్గర వంగి పీట అంచుకే తగులుతుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. సాయం చేద్దామని చెయ్యి చాపాను. "ఉండు," అంది. ఆ కాలు కూడా వచ్చింది.

మొదటి మెట్టు మీద నిలబడింది.

రెండో మెట్టు ముందు పీట పట్టదు. మెట్టు వెడల్పు పదంగుళాలు, ఆమె పాదాలకే సరిపోయింది. కుడికాలు ఎత్తటానికి చూసింది. మడమ లేచింది, వేళ్ళు లేవలేదు. మళ్ళీ చూసింది. భుజాలు, మెడ, ఒళ్ళంతా పైకి లేచాయి. కాలు మాత్రం నేను చేసిన చెక్క మీదే ఉంది. మూడోసారి మడమ కూడా లేవలేదు.

ఇస్సాకు అటు తిరిగి గోడకు ఆనించిన మూలమట్టం తీసి సంచిలో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

పున్నమ్మ ముక్కుతో చిన్నగా నవ్వింది. "ఒకటి. ఇంద్రుడు," అంది. "మంచి చోటే ఆగాంలే."

నేను తలెత్తాను.

"ఆ రోజు నేను నిద్రపోలేదు." ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు గీసినయ్యి నేనూ లెక్కపెట్టా. పైకి పోయేకొద్దీ భయమేసింది. నువ్వు తుడిచేస్తుంటే హమ్మయ్య అనుకున్నా."

అపర్ణకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. ఇస్సాకుకు అర్థమైంది. వాడు తల వంచుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆమె జుట్టులోంచి ఒక పాయ మొహం మీద పడి గాలికి కదులుతోంది. ఆమె చెయ్యి లేపి దాన్ని తీసుకోలేదని తెలిసి, నేను చెవి వెనక్కి తోశాను.

"కూర్చోబెట్టండి," అంది. "ఇక్కడే."

ఇద్దరం పట్టుకుని రెండో మెట్టు మీద కూర్చోబెట్టాం. కాళ్ళు మొదటి మెట్టు మీద ఆన్చింది. గాలి సందులోంచి కొంచెం కొంచెం వస్తోంది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "అన్నం ఇక్కడికే తేమ్మా," అంది అపర్ణతో. ఇస్సాకు సంచి భుజాన వేసుకోబోయాడు. "నువ్వెక్కడికి? కూర్చో," అంది.

అపర్ణ గిన్నెలు తెచ్చి నేల మీద పెట్టింది. మామిడికాయ పప్పు, వంకాయ కూర, పెరుగు. ఇస్సాకు కిందే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అపర్ణ పీట మీద కూర్చుంది. నేను పున్నమ్మ పక్కన కూర్చున్నాను. మూడడుగుల మెట్టు, ఇద్దరికి సరిపోయింది. ఆమె పళ్ళెంలో అన్నం పప్పుతో మెత్తగా పిసికి, నిమ్మకాయంత ముద్ద చేసి నోట్లో పెట్టాను. నమిలింది. గొంతు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ముద్ద దిగటానికి చాలాసేపు పట్టింది.

అపర్ణ కలిపిన అన్నం చేతిలోనే పట్టుకుని ఆగింది. ఇస్సాకు కూడా ఆగాడు. ఆమె మింగాక వాళ్ళు ఒక ముద్ద తిన్నారు, నేనొకటి తిన్నాను. ఆమెకు ఇంకోటి కలిపి పెట్టాను. మళ్ళీ ఆగాం. పక్క డాబాల మీద జనం పడకలు పరుచుకుంటున్నారు. ఆమె పళ్ళెంలో అన్నం అయిపోయేదాకా నలుగురం అలాగే తిన్నాం.